రెండు సెంటీమీటర్ల దారి

బస్సు దింపేసి వెళ్లిపోయాక మిగిలిన నిశ్శబ్దంలో ముందు గాలి వినిపించింది, ఆ తర్వాత సూదక్క ప్లాస్టిక్ కవర్లోంచి పటం బయటికి తీస్తున్న చప్పుడు. ఆ చప్పుడుకి నిబ్బు మొహం పక్కకి తిప్పుకున్నాడు. ఆ మడతలు అతనికి తెలుసు, నిలువునా ఎనిమిది, అడ్డంగా మూడు. కళ్లు మూసుకుని విప్పమన్నా విప్పగలడు, విప్పకుండానే చదవగలడు. కుడిచేతి వైపు కింది మూలన, నేల అయిపోయి సముద్రం లేత నీలంగా మొదలయ్యే చోట, అన్నీ కలిపి రెండు సెంటీమీటర్ల పొడుగున, మధ్య మధ్య ఖాళీలతో, నల్లటి తెగుడు గీతలు వరసగా పదమూడు. పదమూడూ తన చేతివే. సూదక్క గాలికి కొట్టుకుంటున్న కాగితాన్ని పొట్టకేసి అదిమి పట్టుకుని, ఇదిగో ఈ గేటు, ఇదిగో ఈ కట్ట, కట్ట అయిపోయాక ఇదిగో కాలిబాట, తిన్నగా అడవి బాతులు వాలే చోటికే, అంటూ ఆ పదమూడింటి మీదుగా వేలు పోనిచ్చేసరికి అతను బూటు తాడు కట్టుకునే మిషతో వంగిపోయాడు. తాడు ఊడనే లేదు. విప్పి మళ్లీ కట్టుకున్నాడు.

కట్ట పొడుగు మూడు కిలోమీటర్లు. సూదక్క కొత్త మోకాలి నడకకి ముప్పావు గంట, మహా అయితే గంట. కట్ట చివర ఒక రాతి గుంజ ఉంటుంది. గుంజ దాకా దారి నిజం, గుంజ దాటితే ఆ పదమూడు ముక్కలూ అబద్ధం. అక్కడుండేది జమ్ము, జమ్ము కింద బురద, పోటు వస్తే బురద మీద నీళ్లు. అది అబద్ధమని లోకంలో తెలిసినవాడు తనొక్కడే. కాబట్టి గుంజ చేరేలోపు చెప్పెయ్యాలి. అక్కా, ముందుకి దారి లేదు, అది నేను పొరపాటున గీశాను. పట్టుమని పది మాటలు లేవు. ఇరవై ఆరేళ్లుగా ఆ పది మాటలకి నోరు పెగల్లేదు, ఇవాళ గంటలో పెగలాలి. గేటు గొళ్లెం తియ్యబోతే తుప్పు పట్టి బిగుసుకుపోయి ఉంది, వెనకనుంచి వాళ్లలో మూడోవాడు, గొలుసు, చెయ్యి చాచి దాన్ని కాస్త పైకెత్తి పక్కకి తోశాడు, అంతే, గేటు తెరుచుకుంది. వీడికెలా తెలిసిందో అనుకున్నాడు నిబ్బు, అనుకుని ఊరుకున్నాడు, ఎందుకంటే ఆ క్షణాన కట్ట మీదికెక్కిన గాలి మొహాన కొట్టి కళ్లలో నీళ్లు తెప్పించింది. ఎడమ చేతి వైపు సముద్రం బూడిదరంగులో మెరుస్తోంది, కుడి చేతి వైపు దున్నిన పొలాలు, మధ్యలో మనిషి పట్టేంత కట్ట. ఇంత గుబుల్లోనూ ఊపిరి హాయిగా ఆడడం ఏమిటో అతనికి అర్థం కాలేదు.

ముగ్గురికీ పేర్లు పెట్టింది పనిముట్లే. సర్వే ఆఫీసు డ్రాయింగ్ హాల్లో ముప్పై నాలుగేళ్లు సిరాతో పటాలు గీసినందుకు తను నిబ్బు. అదే ఆఫీసు తరఫున గొలుసు లాక్కుంటూ ఊళ్లూ పొలాలూ కొలిచినందుకు వాడు గొలుసు; తర్వాత్తర్వాత మూడుకాళ్ల యంత్రాలు వచ్చి ఇనప గొలుసు మూలన పడ్డా పేరు మాత్రం ఒంటిని వదల్లేదు. పెద్దాసుపత్రిలో సగం ఊరికి సూదులు పొడిచినందుకు ఆవిడ సూదక్క, వాళ్లిద్దరి కన్నా నాలుగేళ్లు పెద్దది, ఒకే మెట్లు ఎక్కి దిగే మూడిళ్లలో మధ్య ఇల్లు ఆవిడది. మోకాలు మార్చిన డాక్టరు చదునైన నేల మీద నడవమన్నాడట. పార్కులో గుండ్రంగా తిరిగి తిరిగి గానుగెద్దునయ్యానురా, నాకొక ముందూ వెనకా ఉన్న దారి కావాలి అని, సొరుగులో ఎక్కడో పడున్న ఈ పటాన్ని వెతికి తీసింది. ఇన్నేళ్లలో అడవి బాతుల మాట ఎవరెత్తినా నిబ్బు వాళ్లని కొండ వైపు మళ్లించేవాడు, కొండ మీద గాలి మంచిదనేవాడు, సముద్రం తనకి పడదనేవాడు, ఒకసారి లేని జలుబు తెచ్చుకున్నాడు కూడా. ఇవాళ ఏ జలుబూ పనిచెయ్యలేదు. తను రాకపోతే వాళ్లిద్దరూ వెళ్తారు, వెళ్లి ఆ గుంజ దాటుతారు, ఆవిడకి ఇనప మోకాలు. అందుకని వచ్చాడు.

ముందు సూదక్క, ఆవిడ కర్ర ఠక్కుఠక్కుమంటోంది, మధ్యలో తను, వెనక గొలుసు. గొలుసు అడుగులు ఎప్పుడూ ఒకే కొలత, వినే చెవికి గడియారంలా ఉంటాయి. ఆ అడుగుల చప్పుడు వెనక పెట్టుకుని ఎన్ని వీధులు నడిచారో, ఎన్ని పెళ్లిళ్లకి, ఎన్ని చావులకి, ఎన్నిసార్లు ఊరికే. నిబ్బుకి డ్రాయింగ్ హాలు గుర్తొచ్చింది. గుర్తు రాకూడదనుకుంటే మరీ గుర్తొచ్చింది. పన్నెండు బల్లలు, ఉత్తరం కిటికీల్లోంచి నీడ పడని వెలుతురు, సిరా వాసన, స్టూళ్ల కిర్రుకిర్రు. కొలతలవాళ్లు పెన్సిలుతో పుస్తకాల్లో రాసుకొచ్చిన గీతల్ని హాల్లోవాళ్లు పలచటి ఫిల్ము మీద నల్లసిరాతో ఎక్కించేవాళ్లు. తారు రోడ్డుకి జంట గీత, బండి బాటకి ఒంటి గీత, కాలిబాటకి తెగుడు గీత. తప్పు పడితే గడ్డం గీసుకునే బ్లేడు అంచుతో సిరాని మెల్లగా గీకెయ్యాలి, ఫిల్ము చిరగకుండా. నెలకొకసారి స్టోరు గుమాస్తా బల్లల వెంట తిరిగి అరిగిపోయిన బ్లేడు తీసుకుని కొత్తది ఇచ్చేవాడు. మూడో బల్ల దగ్గర మాత్రం ఆగేవాడు కాదు. నాలుగేళ్లుగా నిబ్బు బ్లేడు మార్చలేదు, మార్చే అవసరం పడలేదు. నీ బ్లేడుతో వెన్న కూడా తెగదని హాలంతా వేళాకోళం చేస్తుంటే పైకి విసుక్కునేవాడు, లోపల మీసం మెలేసేవాడు. ఆ మీసమే కొంప ముంచింది.

తెగుడు గీత వెయ్యడం ఒక లయ. పెట్టు, లాగు, ఎత్తు. పెట్టు, లాగు, ఎత్తు. చేతికి అలవాటు పడ్డాక బుర్రతో పనుండదు. ఆ మధ్యాహ్నం ఈ కట్ట మీది దారినే గీస్తున్నాడు, ఇదే కట్ట, ఇప్పుడు బూట్ల కింద కరకరమంటున్న ఇదే కంకర. కిటికీ అవతల ఏదో గోల వినబడింది, పెళ్లివారి గుంపు దూరాన మాట్లాడుకుంటున్నట్టు. బాతులు, బాతులు అని ఎవరో అన్నారు, పదకొండు స్టూళ్లు ఒక్కసారి కిర్రుమన్నాయి. అతను లేవలేదు. పని మధ్యలో లేచే అలవాటు లేదు. తల మాత్రం తిప్పాడు. వందో, నూట యాభయ్యో, పొడుగు మెడలు ముందుకి చాచుకుని ఆకాశానికి అడ్డంగా వెళ్తున్నాయి; అన్నిటి కన్నా ముందున్నది అలిసి వెనక్కి జారింది, దాని వెనకది ఏ గొడవా లేకుండా ముందుకొచ్చింది, వరస ఒకసారి వదులై మళ్లీ బిగుసుకుంది. అంత అందమైంది అతను అంతకు ముందు చూడలేదు. కళ్లు అక్కడున్నాయి, చెయ్యి ఇక్కడుంది, చెయ్యి తన పని తాను చేసుకుపోయింది. పెట్టు, లాగు, ఎత్తు. అవి కనుమరుగయ్యాక సిరా ఆరబెట్టి, ఊది, మిగతా మూల పూర్తి చేసి, సాయంత్రానికి ఫిల్ము అప్పగించేశాడు. మర్నాడు కొలతల పుస్తకం తిరిగి కట్ట కడుతుంటే ఆఖరి పేజీ కళ్లబడింది. గొలుసు పెన్సిలు గీత రాతి గుంజ దగ్గర ఆగిపోయింది. తన గీత ఆగలేదు.

అప్పుడు పరుగెత్తి చెప్పొచ్చు. ఫిల్ము చేరిన ఫోటో గదికి మెట్లు దిగితే చాలు, పదహారు మెట్లు. కానీ సరిగ్గా ఆ ఉదయమే హెడ్డాఫీసు నుంచి వచ్చిన పెద్దలకి హాలు చూపిస్తూ ఆఫీసరు మూడో బల్ల దగ్గర ఆగి, ఈయన బ్లేడు నాలుగేళ్లది సార్ అని చెప్పి, సొరుగులోంచి తీయించి మరీ చూపించాడు. వాళ్లు దాన్ని చేతిలోకి తీసుకుని చూశారు. ఇక ఏ మొహం పెట్టుకుని దిగుతాడు ఆ మెట్లు? అచ్చు నమూనా కొలిచినవాడి సంతకానికి వెళ్తుంది కదా, గొలుసు పట్టుకుంటాడులే అని సరిపెట్టుకున్నాడు. నమూనా వచ్చింది. గొలుసు ఆ మూల చాలాసేపు చూశాడు, మొహం వాడిపోయి ఉంది, చూసి చూసి సంతకం పెట్టేశాడు. పాపం వాడి ధ్యాస ఎక్కడుందో అనుకున్నాడు నిబ్బు. అప్పటికి వాడి భార్య కాన్పు జ్వరం తగ్గి ఇంటికొచ్చి నాలుగు రోజులే అయింది. అయిపోయింది, అచ్చయిపోయింది, మడతలు పడి దుకాణాల్లోకి వెళ్లిపోయింది. ఆ రోజు నుంచి వానాకాలం వచ్చిందంటే పేపర్లో మూల మూలలా వెతికేవాడు, ఎవరైనా బురదలో కూరుకుపోయారేమోనని. ఎవరూ కూరుకుపోలేదు. అయినా వెతికేవాడు. ఎవరికైనా ఏమైనా అయితే సంతకం తనది కాదు, గొలుసుది. ఆ ఒక్క సంగతి గుర్తొచ్చినప్పుడల్లా ముద్ద దిగేది కాదు.

సగం దారిలో తూము దగ్గర ఆగారు. సిమెంటు గట్టు మీద గాలికి వీపు పెట్టి కూర్చుని సూదక్క ఫ్లాస్కు మూత తిప్పింది, టీ పొగ గాలికి పక్కకి పరుగెత్తింది. ఉడకబెట్టిన గుడ్లు, రొట్టె, కాగితం పొట్లంలో ఉప్పు. గుడ్డు పెంకు ఒలుస్తూ ఆవిడ ఆసుపత్రి కబుర్లు మొదలెట్టింది, ఆవిడకి ఒక కబురుకి ఇంకో కబురు తోక పట్టుకుని వస్తుంది, చివరికి గొలుసు కూతురి పుట్టుక దగ్గర తేలింది. తల్లికి జ్వరం ఉన్న ఆ తొమ్మిది రోజులూ వీడు వరండాలో బెంచీ దిగలేదురా, ఒళ్లో ఆ కొలతల పుస్తకం ఒకటి, పెన్సిలొకటి, ఏదో గీకేవాడు, కునికేవాడు, ఉలిక్కిపడి మళ్లీ గీకేవాడు, నేను లాక్కుని దాచేద్దామనుకున్నాను, అంది. గొలుసు నవ్వి గుడ్డు మీద ఉప్పు చల్లుకున్నాడు. ఆ పిల్లకిప్పుడు ఇరవై ఆరు, ఓడరేవులో క్రేన్ నడుపుతోంది, ఎత్తున కూర్చుని తండ్రికి ఫోన్ చేసి నాన్నా నాకు నీ ఇల్లు కనబడుతోంది అంటుందట. నిబ్బు టీ గుక్క నోట్లో పెట్టుకుని మింగడం మర్చిపోయాడు. ఇప్పుడు చెప్పాలి, కడుపు నిండి ఉన్నారు, కోపం వచ్చినా కాస్త తక్కువగా వస్తుంది. పొద్దున బయల్దేరేటప్పుడు మెడకి మఫ్లరు చుడుతూ భార్య అన్న మాట చెవిలోనే ఉంది. నెల రోజుల్నుంచి ఏదో నములుతున్నారు, మింగనైనా మింగండి, ఉమ్మనైనా ఉమ్మండి, అంది. అతను టీ మాత్రం మింగాడు. సూదక్క పెంకులన్నీ పొట్లంలో కట్టి సంచిలో వేసుకుంది.

మళ్లీ నడక. ఎండ పొడ ఒకటి మబ్బుల్లోంచి జారి పొలాల మీద పడింది, పడి కట్టెక్కి వాళ్ల మీదికి వచ్చి సముద్రంలోకి దిగిపోయింది. దూరాన్నుంచి గాలితో పాటు తునకలు తునకలుగా ఆ గోల వినబడడం మొదలైంది, పెళ్లివారి గుంపు. బాతులేనా అని సూదక్క ఆగింది, బాతులే అన్నాడు గొలుసు, ఈ వేళకి పొలాల్లోంచి నీళ్ల మీదికి చేరతాయి అని కూడా అన్నాడు. నిబ్బుకి నవ్వొచ్చింది. వీడికి చేపల సంగతి తెలియదు గానీ బాతుల సంగతి తెలుసు. ఒకప్పుడు మూడు చలికాలాలు వరసగా ఆదివారం తప్పకుండా గాలం భుజానేసుకుని పోయేవాడు, ఎక్కడికంటే సముద్రం వైపు అనేవాడు, సాయంత్రానికి తొడల దాకా బురదతో తిరిగొచ్చేవాడు, ఒక్కటంటే ఒక్క చేప తెచ్చిన పాపాన పోలేదు. గాలంతో పాటు కొడవలెందుకురా అంటే కూర్చోడానికి గడ్డి కోసుకోవాలిగా అన్నాడు. మెట్ల మీద ఎదురుపడితే, చేపలకి నీ గొలుసంటే భయంరా, కొలిచి వదిలేస్తావని, అని నిబ్బే ఏడిపించేవాడు. వాడి భార్యయితే బట్టలు ఉతకలేక, ఈసారి చేపొద్దు గానీ బురదొద్దని దండం పెట్టేది. ఆ రోజులెంత బాగుండేవి. ఇప్పుడూ బాగానే ఉన్నాయి. ముందు ఈవిడ కర్ర, వెనక వాడి అడుగు, పైన ఇంత ఆకాశం, ఒక్క గుంజ రాకపోతే ఎంత బాగుణ్ణు.

గుంజ వచ్చేసింది. కొలతల పుస్తకంలో సున్నా చుట్టి ఉండేది, ఇక్కడ మోకాలెత్తు రాయి, నాచు పట్టి ఉంది, అంతే. దాని వెనక కట్ట వాలుగా దిగిపోతుంది, ఆ కింద మనిషెత్తు జమ్ము, గాలికి ఒక వైపుకి వంగి మళ్లీ లేస్తోంది. సూదక్క పటం విప్పింది. నిబ్బు ఆవిడ మోచెయ్యి పట్టుకున్నాడు. అక్కా, అన్నాడు. ఏరా, అని ఆవిడ తిరిగి చూసింది. గాలి అతని నోట్లో దూరింది. అక్కా, ఇక్కణ్ణుంచి, అన్నాడు. ఈ లోపల గొలుసు ఇద్దర్నీ దాటుకుని ముందుకెళ్లాడు, ఎప్పుడూ వెనక నడిచేవాడు, ఇక్కడ నేను ముందుంటాను మీరు నా అడుగులో అడుగు వెయ్యండి అని వాలు దిగి జమ్ములోకి నడిచాడు. జమ్ము విడిపోయింది. విడిపోవడం కాదు, ముందే విడిపోయి ఉంది. రెండు పాయల మధ్య తొక్కి తొక్కి గట్టిపడ్డ నేల, ఒకరి వెనక ఒకరు పట్టేంత వెడల్పు, దాని మీద ఎవరివో బూట్ల గుర్తులు, చిన్నపిల్లల అడుగులు, కుక్క పాదాలు, ఒకచోట ఎవరో పారేసుకుంటే ఇంకెవరో దయగలవాళ్లు తీసి జమ్ము కాడకి తగిలించిన ఎర్ర ఉన్ని చేతితొడుగు. దారి. పదమూడు తెగుడు గీతలు పోవలసిన వైపే, అదే వంపుతో, సముద్రం వైపుకి.

ఏదో అన్నావేమిట్రా అంది సూదక్క. ఏం లేదక్కా, జారుతుందేమో చూసి నడవమంటున్నాను, అన్నాడు నిబ్బు. అతనికి నవ్వు ఆగలేదు, జమ్ములో మొహం దాచుకుని నవ్వుకున్నాడు. ఇరవై ఆరేళ్లు పేపర్లు వెతికాడే, పిచ్చివాడిలా, ఎవరో ఒకరు పటం చూసి దారి ఉందనుకుని దిగారు, వాళ్ల వెనక ఇంకొకరు దిగారు, అబద్ధం కాళ్ల కింద పడి పడి నిజమైపోయింది. ఇక చెప్పక్కర్లేదు. ఎవరికీ, ఎప్పటికీ. బ్లేడు నాలుగేళ్లదే, గీత తప్పు కాదు, కొంచెం ముందుగా పడింది, అంతేగా. ఒంట్లోంచి బరువేదో దిగిపోయి ఇరవై ఏళ్లవాడిలా నడిచాడు, సూదక్క మడమలు తొక్కబోయాడు, మెల్లగా రారా చచ్చినోడా అని తిట్టించుకున్నాడు. ఆ తిట్టు కూడా తియ్యగా ఉంది. జమ్ము మధ్యలో గాలి లేదు, వెచ్చగా, ఎండుగడ్డి వాసన. ఎంత సుఖంగా ఉందంటే కాసేపు బాతుల్నీ మర్చిపోయాడు.

సగం దూరంలో ఒక చిన్న పాయ అడ్డం వచ్చింది, నాలుగడుగుల వెడల్పు నీళ్లు. దాని మీద పలకలు పరిచి ఉన్నాయి, నల్లబడి, మధ్యలో అరిగి పల్లమైన పలకలు. అటూ ఇటూ జరక్కుండా రెండు వైపులా కర్రలు పాతి ఉన్నాయి. సూదక్క దాటేదాకా నిబ్బు ఒక కర్ర పట్టుకుని నిలబడ్డాడు, అరచేతికి ఏదో పెచ్చులా తగిలితే చూశాడు. రంగు. జానెడు ఎరుపు, జానెడు తెలుపు, మళ్లీ జానెడు ఎరుపు. బురద కడిగినట్టు బొటనవేలితో రుద్దాడు. జెండా కర్రలు. కొలతలవాళ్లు దూరం నుంచి కనబడాలని పొలంలో పాతుకునే కర్రలు. ఏడు ఉన్నాయి. ఆఫీసు స్టోరులో ఒక ఏడాది ఏడు జెండా కర్రలు తగ్గాయని గుమాస్తా గొలుసుతో గొడవ పడిన మాట గుర్తొచ్చింది, పోయాయయ్యా అని గొలుసు జరిమానా కట్టిన మాట కూడా. నిబ్బు చెయ్యి కర్ర మీదే ఉండిపోయింది. కొడవలి. తొడల దాకా బురద. మూడు చలికాలాలు, ఒక్క చేప లేదు. తుప్పు పట్టిన గొళ్లెం పైకెత్తి పక్కకి తోసిన చెయ్యి. వరండాలో బెంచీ, కునికి ఉలిక్కిపడి మళ్లీ గీకిన పెన్సిలు, నమూనా మీద వాడిపోయిన మొహం. వీడు తప్పు తనదనుకున్నాడు. నిద్ర మత్తులో లేని దారి రాసేశానని, తన సంతకంతో ఎవరో మునిగిపోతారని, వీడు, ఆదివారం తర్వాత ఆదివారం వచ్చి, జమ్ము కోసి, పలకలు మోసి, పటాన్ని నిజం చేశాడు. తను పేపర్లు వెతుకుతూ కూర్చున్నాడు. నిబ్బుకి కళ్లు మసకలయ్యాయి. 

చెప్పకపోయినా ఎవరికీ తెలియదు. ఇందాకటి హాయి ఇంకా ఒంట్లోనే ఉంది, పలక దాటేస్తే చాలు. గొలుసు అవతలి ఒడ్డున చెయ్యి చాచి నిలబడ్డాడు, పట్టుకో అన్నట్టు. నిబ్బు పట్టుకోలేదు.

"ఒరే గొలుసూ, ఈ దారి నువ్వు కొలవలేదు కదూ."

గొలుసు చాచిన చెయ్యి కిందికి దించాడు. సూదక్క ఇద్దరి మొహాలూ చూసి కర్ర పలక చివర ఆనించి నిలబడింది.

"కొలవలేదురా," అన్నాడు గొలుసు. "ఆ వారం నా బుర్ర నా దగ్గర లేదు. బెంచీ మీద ఏం గీకానో నాకే తెలియదు. నమూనాలో చూసుకుని చచ్చాననుకున్నాను, మళ్లీ పుస్తకం విప్పి చూసే ధైర్యం కూడా లేకపోయింది. చెబితే ఉద్యోగం పోతుంది, ఇంట్లో పసిపిల్ల. అందుకని..." పలకల వైపు చూపించాడు.

"నీ పుస్తకంలో లేదు. ఆ పేజీ నాకిప్పటికీ కళ్లకి కట్టినట్టుంది. నీ గీత గుంజ దగ్గర ఆగిపోయింది. ఈ ముక్కలు నేను పెట్టాను. కిటికీలోంచి బాతుల్ని చూస్తూ పెట్టాను. మర్నాడే తెలిసింది, పరువు పోతుందని చెప్పలేదు."

పాయలో నీళ్లు పలకల కింద గుసగుసమంటున్నాయి. గొలుసు మొహంలో ముందు ఏమీ లేదు, తర్వాత కోపం వచ్చింది, నిజమైన కోపం, మెడ నరం ఉబ్బింది, ఇన్నేళ్ల స్నేహంలో నిబ్బు ఆ నరాన్ని రెండుసార్లే చూశాడు. తిట్టనీ, నీళ్లలోకి తోసెయ్యనీ అనుకుని నిలబడ్డాడు. గొలుసు పలక మీదికి వచ్చి నిబ్బు కాళ్ల దగ్గర కూలబడ్డాడు. మోకాళ్ల మీద చేతులు పెట్టుకున్నాడు. అతని భుజాలు మెల్లగా కిందికి దిగడం నిబ్బుకి కనబడింది. ఆ భుజాలు ఎప్పుడూ కాస్త ఎత్తుగానే ఉండేవి, గొలుసు మోసి మోసి అలా అయ్యాయని అందరూ అనుకునేవాళ్లు.

"నాది కాదన్నమాట," అన్నాడు గొలుసు, ఎవరితోనో అన్నట్టు. తలెత్తాడు. "మరి నీ బ్లేడేం చేస్తోందిరా అప్పుడు?"

సూదక్క ముందు నవ్వింది. ఆవిడ నవ్వితే కర్ర ఊగుతుంది, కర్ర ఊగితే పలక ఊగింది, పలక ఊగితే గొలుసు పడబోయి నిబ్బు కాలు పట్టుకున్నాడు. ఇద్దరు వెధవలు, అంది ఆవిడ కళ్లు తుడుచుకుంటూ, ఒకే మెట్ల మీద ఎదురుపడుతూ ఇరవై ఆరేళ్లు, ఒక్కడైనా నాతో అని ఉంటే ఇద్దరికీ చెరో సూది పొడిచి పంపేదాన్ని. గొలుసు లేచాడు. క్షమించాననలేదు, ఫరవాలేదనీ అనలేదు. ఆ జెండా కర్రల జరిమానా గురించి మాత్రం ఇంటి దాకా సాధిస్తాడని నిబ్బుకి అప్పుడే తెలిసిపోయింది, సాధించనీ అనుకున్నాడు, ఆ మాట తలుచుకుంటే కూడా హాయిగానే ఉంది. వెనక నడుస్తుంటే ముందు గొలుసు భుజం, దాని అవతల వెలుగు. జమ్ము పలచబడింది, అయిపోయింది, ఒక్కసారిగా గాలి, ఆకాశం, విశాలమైన నీళ్లు, నీళ్లనిండా బాతులు. వందలు. కొన్ని మెడ రెక్కలో పెట్టుకుని, కొన్ని ఒకదాన్నొకటి కసురుకుంటూ, ఇంకా పొలాల మీంచి వచ్చి వాలుతున్నవి కాళ్లు ముందుకి చాచి నీళ్లని గీరుకుంటూ. సూదక్క మాట్లాడడం మానేసింది. ఆవిడ మాట్లాడకపోవడం వాళ్లిద్దరికీ కొత్త.

గొలుసు పటం అడిగి తీసుకున్నాడు. దాన్ని చూశాడు, నేలని చూశాడు, మళ్లీ దాన్ని చూశాడు, ఉద్యోగంలో ఉన్న రోజుల్లో చూసినట్టు. నీ గీత ఇక్కడికే అయిపోయిందిరా, అన్నాడు, నేనూ ఇక్కడిదాకే కోశాను. నిజమే. కానీ దారి అక్కడ ఆగలేదు. గులకరాళ్ల మీదుగా ఇంకా ముందుకి, నీళ్ల అంచున ఎవరో తెచ్చి వేసిన దుంగ దాకా పోయింది. ఆ దుంగ మీద కూర్చుంటే బాతులు ఇంకాస్త బాగా కనబడతాయి కాబోలు, ఎవరెవరో వాళ్లంతట వాళ్లే నడిచి పొడిగించుకున్నారు. గొలుసు పటం నిబ్బు చేతిలో పెట్టి, ఎవరినీ అడక్కుండా అడుగులు మొదలుపెట్టాడు, ఆ ఒకే కొలత అడుగులు, ఒకటి, రెండు, మూడు అని పైకి లెక్కపెడుతూ. దుంగ దగ్గర ఆగి, నలభై ఒకటి అని అరిచాడు. ఒక్క ముక్క పడుతుంది, వేసెయ్.

నిబ్బు చొక్కా జేబులో పెన్సిలు ఎప్పుడూ ఉంటుంది, రిటైరై రెండేళ్లయినా ఉంటుంది. సూదక్క వీపు మీద పటం పరిచాడు, ఆవిడ కదలకుండా వంగి నిలబడి త్వరగా తగలడరా నడుం పడుతోంది అంది. పదమూడో ముక్క చివర, కాస్త ఖాళీ వదిలి, పెన్సిలు మొన పెట్టాడు. లాగడం మొదలుపెట్టాడు. అప్పుడే నీళ్ల మీద గోల ఒక్కసారిగా పెరిగింది, ఏది అదిలించిందో, వందల రెక్కలు నీళ్లని కొట్టిన చప్పుడు, చల్లటి గాలి, వాళ్ల మీద పెద్ద నీడ. గొలుసు దుంగ మీదికెక్కి చేతులూపుతూ, ఒరే నిబ్బూ చూడరా, చూడరా అని అరుస్తున్నాడు. నిబ్బు ముందు పెన్సిలు కాగితం మీంచి ఎత్తాడు. తర్వాత తలెత్తి చూశాడు.